అబద్ధమాడినా అతికినట్టుండాలి

2010 డిసెంబరు 25. క్రిస్మస్ సెలవు కలిసొచ్చి, చెన్నైలో లోకల్ రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగాను. సాయంత్రం నాలుగూ నాలుగుకి జీఎస్‌ఎల్‌వీ ప్రయోగం. రాకెట్ వదిలే రోజంటే మా వీధికి చిన్న పండగే. ఆడవాళ్ళు స్టవ్ కట్టేసి మిద్దెలెక్కుతారు. పిల్లలు నీళ్ళ ట్యాంకు మీదికి పాకుతారు. కౌంట్‌డౌన్ పైదాకా వినబడాలని కింద టీవీ సౌండు పూర్తిగా పెంచి ఉంటుంది.

శ్రీహరికోట మా ఊరికి సుమారు 18 కిలోమీటర్లు. మధ్యలో పులికాట్ సరస్సు. గాలిలో చప్పుడు సెకనుకి 340 మీటర్ల చొప్పున నడుస్తుంది కాబట్టి, మంట కనబడ్డాక మోత మా మిద్దె చేరేసరికి యాభై సెకన్లు దాటుతుంది. చిన్నప్పట్నుంచీ మాకదొక ఆట. టీవీలో సున్నా అనగానే ఒకటీ, రెండూ అని అందరం లెక్క మొదలుపెడతాం. యాభై మూడు, యాభై నాలుగు దగ్గర, ఎక్కడో లారీలోంచి కంకర దించుతున్నట్టు మొదలై, కిటికీ రెక్కలు గడగడలాడతాయి. అప్పటికి రాకెట్టు ఎక్కడో పైన ఉంటుంది.

ఆ రోజు నలభై ఏడో, నలభై ఎనిమిదో అంటున్నాం. మంట పక్కకి ఒరిగింది. "ఏందిరా అది, రెండయిపాయ!" అంది పక్క మిద్దె మీది అవ్వ. తెల్లటి పొగ ఒక దారం కాస్తా నాలుగైదు పాయలుగా విడిపోయి, ఒక్కో పాయా ఒక్కో దిక్కున కిందికి వంగింది. లెక్కపెట్టడం అందరం ఆపేశాం.

అప్పుడొచ్చింది మోత. నేల మీంచి లేచేటప్పటి మోత. కళ్ళెదుట రాకెట్టు తునకలై సముద్రంలోకి రాలుతోంది, చెవుల్లో మాత్రం అది నిక్షేపంగా, అప్పుడే బయల్దేరుతోంది. ట్యాంకు మీదున్న చిన్న పిల్లాడొకడు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు. పెద్దవాళ్ళెవరూ వాణ్ణి ఏమీ అనలేదు.

అప్పటికే నేను సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తున్నాను. గ్రహాంతరవాసులు, టైమ్ మెషీన్లు, మనిషి మెదడు కంప్యూటర్లోకి ఎక్కించడాలు అన్నీ రాశాను. అవన్నీ కలిపినా ఆ రెండు మూడు సెకన్లంత వింత నా చేత కాలేదు. అందులో కల్పన ఒక్క ముక్క లేదు. వెలుగు వేగం వేరు, చప్పుడు వేగం వేరు, అంతే. ఆ ఒక్క తేడాని ఎక్కడా తప్పకుండా పాటించింది ప్రకృతి. పిల్లాడి చప్పట్లు వాటంతట అవే వచ్చాయి.

కొన్నాళ్ళకి కారణం పేపర్లో వచ్చింది. రష్యా నుంచి తెచ్చిన క్రయోజెనిక్ దశ (అతి చల్లటి ఇంధనంతో నడిచే పై భాగం) అడుగున కొన్ని కనెక్టర్లు ఊడిపోయాయట. దాంతో పైనున్న కంప్యూటర్ ఇచ్చే ఆదేశాలు కింది దశకి అందలేదు. మా నాన్నకి బజార్లో రేడియో రిపేరు కొట్టు ఉండేది. రేడియోలు పోయాక టేప్ రికార్డర్లు, అవీ పోయాక టీవీ రిమోట్లు బాగుచేశాడు. ఆ వార్త కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చదివి, "అంతేలే. అంత పెద్ద రాకెట్టయినా లూజ్ కనెక్షనే" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. తన వృత్తిలో సాటివాళ్ళ కష్టం తెలిసినవాడి మాట అది.

నాన్న కొట్లో కూర్చునే నేను కథ రాయడం నేర్చుకున్నాను. ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది. నా మొదటి కథ ఒక వారపత్రికలో పడింది. అందులో రెండు అంతరిక్ష నౌకలు గుద్దుకుని "చెవులు చిల్లులు పడే" శబ్దంతో పేలిపోతాయి. అచ్చయిన పదిహేను రోజులకి ఒక కార్డు వచ్చింది. రిటైరైన సైన్సు మాస్టారట. కార్డు నిండా ఆశీర్వాదాలు, చివర రెండు వాక్యాలు: "అక్కడ గాలి లేదు గదా నాయనా. ఎవరి చెవులు?"

మిద్దె మీద నిలబడి చప్పుడు కోసం అంకెలు లెక్కపెడుతూ పెరిగినవాణ్ణి. నాకు ఆ ప్రశ్న రాకపోవడమేమిటి! సిగ్గుతో ఆ కార్డు ఎవరికీ చూపించలేదు. స్నేహితులు మాత్రం తేలిగ్గా తీసేశారు. పాఠకుడు అంత పట్టించుకోడు, ఎమోషన్ పండిందా లేదా అన్నదే ముఖ్యం అన్నారు. నాన్నని అడిగితే తన భాషలో చెప్పాడు. లోపల ఎవరు చూస్తార్లే అని అతుకు సరిగ్గా పెట్టకుండా మూత బిగించేస్తే, ఆ రోజుకి రేడియో పాడుతుంది. వానాకాలం వచ్చాక గరగరమంటుంది. తెచ్చినవాడికి అతుకు సంగతి తెలియదు. గరగర మాత్రం తెలుస్తుంది.

పాఠకుడూ అంతే. తప్పెక్కడుందో చెప్పలేకపోవచ్చు, కానీ కథ మీద నమ్మకం ఎక్కడో సడలుతుంది. సడలిన చోట ఎమోషన్ కూడా పండదు. అబద్ధమాడినా అతికినట్టుండాలని మన పెద్దవాళ్ళు అననే అన్నారు. సైన్స్ ఫిక్షన్‌కి ఇంతకన్నా మంచి నిర్వచనం నాకింతవరకూ దొరకలేదు. అబద్ధం ఆడొద్దని అనలేదు చూడండి. ఆడమన్నారు, అతికించమన్నారు.

ఇంత చెప్పాక ఎవరో ఒకరు తప్పకుండా అనే మాటొకటి ఉంది: "ఇవన్నీ మన పురాణాల్లో ఎప్పుడో ఉన్నాయి కదండీ." పుష్పక విమానం ఉంది, బ్రహ్మాస్త్రం ఉంది, 'మాయాబజార్'లో అయితే 1957లోనే లాప్‌టాప్ చూపించేశారు. ప్రియదర్శిని పెట్టె మూత తెరిచి అందులో బొమ్మ చూడటం, అవతలివాళ్ళతో పాడటం, అంతా వీడియో కాలే కదా అని ఫోన్లలో ఫార్వర్డులు తిరుగుతుంటాయి.

నాకు ఆ సినిమా అంటే ప్రాణం. అందుకే ఈ పొగడ్త వింటే చిరాకు. మూత ఉన్న ప్రతి పెట్టే లాప్‌టాప్ అయితే గొప్పేముంది? ఆ పెట్టెకి రచయిత పింగళి నాగేంద్రరావు, దర్శకుడు కె.వి.రెడ్డి పెట్టిన నియమం చూడండి. తెరిచినవాళ్ళకి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. అంతే, రెండో నియమం లేదు. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు. బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు. ఇక్కడే కథలో సగం గొడవ బయటపడిపోయింది, ఒక్క డైలాగు ఖర్చు కాకుండా. చివరికి కృష్ణుడు చూస్తే శకుని! హాలంతా నవ్వుతుంది. నవ్వాక కాసేపటికి గుండెలో చిన్నగా కలుక్కుమంటుంది, ఎందుకంటే పెట్టె అబద్ధం చెప్పదని అప్పటికే మనకి తెలుసు. రచయిత అక్కడ నియమం కాస్త సడలించి రుక్మిణినో సత్యభామనో చూపించి ఉంటే ఎవరు అడిగేవాళ్ళు? అడగరు. గరగర మాత్రం ఉండేది.

పుష్పక విమానం పేరు చెప్పి మన పూర్వీకుల ఇంజనీరింగ్ గురించి మాట్లాడేవాళ్ళు తరచూ 'వైమానిక శాస్త్రం' అనే పుస్తకం చూపిస్తారు. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఐదుగురు దాన్ని ముందేసుకుని కూర్చున్నారు. పుస్తకం వేల ఏళ్ళనాటిది కాదని, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టిందని, అందులో చెప్పిన విమానాలు ఎగరలేవని తేల్చారు. చాలామందికి ఇది పురాణాలకి జరిగిన అవమానంలా అనిపిస్తుంది. నాకైతే ఆ ఐదుగురే ఆ పుస్తకాన్ని గౌరవించినట్టు కనబడతారు. బొమ్మలు చూసి, బరువులు లెక్కగట్టి, ఎగురుతుందా అని నిజంగా అడిగారు. మిగతావాళ్ళం అట్ట చూసి దండం పెట్టాం.

(ఇస్రో వాళ్ళు ప్రయోగానికి ముందు మా ఊరి చెంగాళమ్మ గుడికి వస్తారని ఎద్దేవా చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతోనూ నాకు పేచీయే. గుడికెళ్ళిన మనిషి తర్వాత కనెక్టర్లు చూసుకుంటున్నాడా లేదా అన్నదొక్కటే నాకు కావాలి.)

సినిమాల సంగతికొస్తే, ఒకసారి హైదరాబాదులో ఒక ఆఫీసుకి కథ చెప్పడానికి వెళ్ళాను. పేరు అనవసరం. నా కథలో ఒక యంత్రం ఉంటుంది. దానికో నియమం: ఏ మనిషైనా జీవితంలో ఒక్కసారే గతంలోకి వెళ్ళగలడు, ఒక్క గంట సేపు. హీరోకి తెలిసేదేమిటంటే, వాళ్ళమ్మ తన వంతు ఎప్పుడో వాడేసుకుంది. ఎందుకు వాడిందో చెప్పదు. కథంతా అదే.

నిర్మాత శ్రద్ధగానే విన్నాడు. సమోసాలు తెప్పించాడు. అప్పుడడిగాడు:

"హీరో ఒక్కసారే వెళ్తే సెకండాఫ్‌లో ఏం చేస్తాడండీ?"

"వెళ్ళలేకపోతాడు సార్. అదే టెన్షన్."

"ఇంటర్వెల్ తర్వాత ఇంకో మూడుసార్లు పంపిద్దాం రైటర్‌గారూ. రూల్ అప్పుడు బ్రేక్ అయిందందాం."

"బ్రేక్ అయితే అమ్మ కథ పోతుంది కదా సార్. ఆవిడ కూడా మళ్ళీ వెళ్ళొచ్చుగా?"

కాస్త ఆగి, జాలిగా నా వైపు చూసి, "లాజిక్ ఎవడడుగుతాడండీ, జనానికి మ్యాజిక్ కావాలి" అన్నాడు. మంచి మనిషే. ఆటోకి డబ్బులు కూడా ఇప్పించాడు. కానీ 'మాయాబజార్' తీసిన పరిశ్రమలో కూర్చుని ఆ మాట అనడం నాకు ఈనాటికీ వింతే. మ్యాజిక్ పుట్టేది ఎలా? గారడీవాడు రెండు చేతులూ ఖాళీ అని చూపించాకే కదా పావురం బయటికొచ్చేది. చొక్కాలో పావురాలున్నాయని ముందే చెప్పేస్తే చప్పట్లెవరు కొడతారు?

'మాయాబజార్' రోజుల్లో కె.వి.రెడ్డి దగ్గర పని నేర్చుకున్న కుర్రాడొకడు ఉన్నాడు, మా నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టినవాడు. 1991లో ఆయనే 'ఆదిత్య 369' తీశాడు. సింగీతం శ్రీనివాసరావు పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఆ టైమ్ మెషీన్ ఒకసారి 1526కి, ఒకసారి 2504కి వెళ్తుంది. అప్పుడు నాకు రెండో భాగం తెగ నచ్చింది, ఆ వయసు అలాంటిది. ఇప్పుడు చూస్తే రాయలవారి సభలో ప్యాంటు చొక్కా వేసుకుని నిలబడ్డ హీరోనే నచ్చుతాడు. 1526 మనకి తెలిసిన ఊరు. పద్యాలు తెలుసు, తెనాలి రామకృష్ణుడు తెలుసు, మనం వెళ్తే ఎక్కడ తడబడతామో కూడా తెలుసు. 2504లో మనవాళ్ళెవరూ లేరు, కాబట్టి తడబాటూ లేదు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో కూడా అంతే. వాహనాలూ ఆయుధాలూ హాల్లోంచి బయటికొచ్చేసరికి మర్చిపోయాను. నీళ్ళు లేని గంగ గుర్తుండిపోయింది. పెద్దమ్మ అస్థికలు కలపడానికి కాశీ వెళ్ళినవాణ్ణి మరి.

తమిళంవాళ్ళకి సుజాత ఉండేవాడు. అసలు పేరు రంగరాజన్, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరు, మనం ఓటేసే యంత్రం తయారీలో పనిచేసిన మనిషి. పగలు సర్క్యూట్, రాత్రి కథ. శంకర్ 'రోబో'కి ఆయన మాటలు రాశాడు, సినిమా 2010లో వచ్చేసరికి ఆయన లేడు. చెన్నైలో నా తమిళ సహోద్యోగులు ఆయన కథలు వంటా వార్పూ అంత మామూలుగా మాట్లాడుకునేవాళ్ళు. ఈర్ష్య కలిగేది. మనకి ఇంజనీర్ల కొరత లేదు, కథల కొరతా లేదు. రెండూ ఒకే ఇంట్లో ఉండవు, అదే బాధ.

మాటల గొడవ ఇంకొకటి. స్పేస్‌ని తెలుగులో ఏమనాలి? అంతరిక్షం అనొచ్చు. పత్రికలవాళ్ళు రోదసి అని కూడా రాస్తారు. సంస్కృతంలో ఆ మాటకి భూమీ ఆకాశమూ రెండూ కలిపి అని అర్థం, కానీ నా చెవికి ఎప్పుడూ రోదనే వినిపిస్తుంది. కాలయంత్రం అని రాస్తే మా నాన్న పాత్ర నోట పలకదు. టైమ్ మెషీన్ అంటే హాయిగా పలుకుతుంది. మాటలు ఎవరో ఒకరు పుట్టించకపోతే ఎలా పుడతాయని ఘటోత్కచుడు అననే అన్నాడుగానీ, అసమదీయులు, తసమదీయులు అని నవ్విస్తూ పుట్టించడానికి పింగళి కావాలి. నా వల్ల కాక నేను కరెంటు, చార్జింగు, సిగ్నల్ అని రాసుకుపోతాను.

పురాణాల్లో అన్నీ ఉన్నాయన్నవాళ్ళతో పేచీ పెట్టుకున్నాను గానీ, నన్ను పదేళ్ళుగా వదలని కథ పురాణంలోదే. భాగవతం నవమ స్కంధంలో వస్తుంది. కుశస్థలిని ఏలే కకుద్మికి రేవతి అని ఒక కూతురు. మంచి సంబంధం ఎవరిదో అడుగుదామని ఆ పిల్లని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గంధర్వుల పాట జరుగుతోంది. మధ్యలో అడగడం మర్యాద కాదని పాట అయ్యేదాకా ఆగుతాడు. ఆగి, తన మనసులో ఉన్న పెళ్ళికొడుకుల పేర్లు చెప్తే బ్రహ్మ నవ్వుతాడు. నువ్వనుకున్నవాళ్ళు ఎప్పుడో పోయారు, వాళ్ళ కొడుకులు, మనవలు పోయారు, వాళ్ళ గోత్రాలు కూడా ఇప్పుడెవరికీ తెలియవు, 27 మహాయుగాలు గడిచిపోయాయి అంటాడు.

మహాయుగం అంటే 43 లక్షల 20 వేల ఏళ్ళు. 27 పెట్టి గుణిస్తే 11 కోట్ల 66 లక్షల 40 వేలు. (అప్పుడు భూమ్మీద డైనోసార్లు తిరుగుతున్నాయి. పెళ్ళికొడుకుల సంగతి నాకు తెలియదు.) ఇది చెప్పగానే, చూశారా, ఐన్‌స్టీన్ కన్నా ముందే మనవాళ్ళు కనిపెట్టారు అంటారు. కనిపెట్టలేదు. ఐన్‌స్టీన్ 1905లో చెప్పిందానిలో వేగం ఉంది, ఎంత వేగానికి కాలం ఎంత సాగుతుందో లెక్క ఉంది. కకుద్మి కథలో అవేం లేవు. ఉన్నదల్లా గోత్రాలు కూడా వినబడవన్న ఆ ఒక్క ముక్క. మనిషి పోవడం వేరు, ఆ మనిషి ఫలానా వాళ్ళింటివాడు అని చెప్పేవాడు కూడా లేకపోవడం వేరు. దాన్ని రాసినవాడికి భౌతికశాస్త్రం తెలియకపోతేనేం, దూరం అంటే ఏమిటో తెలుసు.

తర్వాత రేవతిని బలరాముడికిచ్చి చేస్తారు. విష్ణుపురాణం ఇంకో రెండు సంగతులు చెబుతుంది. యుగాలు మారి మనుషులు పొట్టివాళ్ళైపోయారు కాబట్టి రేవతి మరీ పొడుగ్గా ఉందట, బలరాముడు నాగలి కొనతో ఆమెని వంచి మామూలు ఎత్తుకి తెచ్చాడట. రెండోది, ఆమె పుట్టిన కుశస్థలి ఉన్నచోటే ఇప్పటి ద్వారక. అంటే కోడలిగా అడుగుపెట్టింది సొంత ఊళ్ళోనే. ఆ ఊరు ఆమెని గుర్తుపట్టలేదు.

మా అక్క 1999లో న్యూజెర్సీ వెళ్ళింది. 2000 వస్తే కంప్యూటర్లు తేదీల దగ్గర తడబడతాయన్న వైటూకే హడావుడిలో బావకి ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళుండి వచ్చేస్తామన్నారు. మధ్యలో రెండు మూడుసార్లు వచ్చినా పెళ్ళి హాల్లో దిగి పెళ్ళి హాల్లోంచే వెళ్ళిపోయారు. మొన్నామధ్య నెల రోజులుందామని ఒక్కతే వచ్చింది. స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకుని ఎక్కాం. అక్క దర్జాగా, "ఎస్‌టీడీ బూత్ పక్క సందులో ఆపు బాబూ" అంది.

ఆటో కుర్రాడు అద్దంలో చూశాడు. "ఎస్‌టీడీ అంటే ఏందక్కా?"

అక్క నా వైపు తిరిగింది. నేను ఫోన్లో మ్యాప్ తీసి ఇచ్చాను. దారంతా ఆవిడ బయటికి చూస్తూ, ఫలానా కొట్టు, ఫలానా వేపచెట్టు అని పేర్లు చెబుతూనే ఉంది. కుర్రాడు మర్యాదగా ఊఁ కొడుతున్నాడు. అక్క మాటలన్నీ 1999 నాటివే అని అప్పుడు గమనించాను. మేం ఎప్పుడో వదిలేసిన మాటలు కొన్ని ఆవిడ దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇంటి గుమ్మం దగ్గర దిగి, కొత్తగా వేసిన రేకుల వరండా తగలకపోయినా తల కాస్త వంచి లోపలికి నడిచింది.

ఆ రాత్రి రేవతి కథ మళ్ళీ మొదలుపెట్టాను. ఇదివరకు నాలుగుసార్లు రాసి చింపేశాను. మొదట్లో అంతరిక్ష నౌక పెట్టాను, వేగం లెక్కలు సరిచూసుకున్నాను, అన్నీ అతికాయి. కథ మాత్రం కదల్లేదు. ఈసారి నౌక తీసేసి ఒక్క వస్తువే ఉంచాను. శశిరేఖకి తల్లి ఎవరో గుర్తుందా? 'మాయాబజార్'లో ఛాయాదేవి వేసిన పాత్ర. సిరిసంపదలు పోయాయని పాండవుల పిల్లాణ్ణి వద్దన్న ఆ తల్లి పేరే రేవతి. సినిమా రేవతి సంగతి నాకొద్దు. నాది పాట అయ్యేదాకా తండ్రి పక్కన నిలబడ్డ రేవతి. ఆమెకి ఇప్పుడు కూతురు ఉంది, ఆ ఇంట్లో ప్రియదర్శిని ఉంది. కూతురు చూసింది, మొగుడు చూశాడు, మరిది చూసి నవ్వేసి మూత వేశాడు. అందరూ పడుకున్నాక ఈవిడ వచ్చి పెట్టె ముందు కూర్చుంటుంది.

నియమం ఒక్కటే, మార్చడానికి లేదు. తెరిచినవాళ్ళకి ప్రియమైనది కనిపించి తీరాలి. నా కథలో మూత ఇంకా తెరుచుకోలేదు. ఆమె దాని మీద చెయ్యి పెట్టి కూర్చున్నచోట మూడు వారాలుగా ఆగిపోయి ఉన్నాను.